వేటకి ఏం పట్టుకెళ్ళాలి

శనివారం కయోటీ వేటకి రమ్మని డేల్ పిలిచాడన్న సంగతి దైవాశీర్వాదం ఇంటికొచ్చి చెప్పినప్పుడు లూసీ ఉల్లిపాయలు తరుగుతోంది. చెయ్యి ఆపకుండానే నవ్వింది.

"మీరా, వేటకా? బాత్‌రూంలో పురుగు కనబడితే నన్ను కేకేసే మనిషి!"

"పురుగు వేరు. ఇది ఆఫీస్ వ్యవహారం."

"కయోటీ అంటే ఏవిటసలు? నక్కేనా?"

"నక్కకి పెద్దది, తోడేలుకి చిన్నది. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంది. మన ప్లాంట్‌కి గొర్రెల్ని అమ్మే రాంచ్‌ల మీద ఏటా జనవరిలో డేల్ ఇద్దరు ముగ్గురిని వెంటేసుకుని వేటకి వెళ్తాడు." కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. "నాలుగేళ్ళలో నన్ను పిలవడం ఇదే మొదలు, లూసీ. లైన్ దగ్గరికి దిగొచ్చి, రబ్బరు ఆప్రన్ మీదే భుజమ్మీద చెయ్యేసి మరీ చెప్పాడు."

లూసీ అప్పుడు తరగడం ఆపింది.

ఎలెన్స్‌బర్గ్ దాటాక కొండల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి గొర్రెల్ని కోసే ప్లాంటే ఆధారం. దానికి డేల్ మేనేజరు. అక్కడ ఎవరు పైకి వెళ్ళాలన్నది కాగితాల మీద ఎలా రాసుకున్నా అసలు తేలేది జనవరి వేటలోనే అని అందరికీ తెలుసు. కిందటేడు వేటకి వెళ్ళినవాడు షిప్పింగ్‌లో ఫోర్‌మన్ అయ్యాడు. అంతకు ముందేడు వెళ్ళినవాడు ఇప్పుడు టై కట్టుకుని తిరుగుతున్నాడు. ఈ ఎనభై నాలుగు జనవరి ఆఖరుకి చెకింగ్ సూపర్‌వైజర్ వాల్ట్ రిటైరవుతున్నాడు. వాల్ట్ గది మేడమీద ఉంటుంది. చుట్టూ గాజు, లోపల హీటరు, బల్లమీద పెన్ను.

దైవాశీర్వాదం చేతిలో మాత్రం కత్తి. బి.వి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్న పశువుల డాక్టరు రోజూ తడినేల మీద రబ్బరు బూట్లతో నిలబడి, కొక్కేల మీద వరసగా వచ్చే గొర్రెల కాలేయాలు తిరగేస్తాడు. పిత్తనాళం కోసి పురుగులున్నాయేమో చూస్తాడు. ఊపిరితిత్తులు తడిమి గడ్డలున్నాయేమో చూస్తాడు. రోజుకి వెయ్యి గొర్రెలు, వెయ్యిసార్లు ఒకటే మణికట్టు తిప్పడం. పేరు నోరు తిరగక అందరూ 'డాక్' అంటారు. మొదట్లో దానికి పొంగిపోయేవాడు, పాపం.

ఆ తిప్పడమే కుడిచేతిని తినేస్తోంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారుతున్నాయి. లైన్ మీంచి తప్పుకుంటే నరం తేరుకోవచ్చనీ, తప్పుకోకపోతే వేసవికల్లా వేళ్ళకి స్పర్శ పూర్తిగా పోతుందనీ క్లినిక్‌లో డాక్టరు చెప్పాడు. వేసవిలోనే పరీక్ష. ఇక్కడ పశువుల డాక్టరుగా లైసెన్సు రావాలంటే రాయాల్సిన పరీక్షలు రెండూ లైన్ నుంచి వచ్చాక రాత్రిళ్ళు చదివి పాసయ్యాడు. మిగిలింది చేతిపరీక్ష. ప్రొఫెసర్ల ముందు నిలబడి బతికున్న కుక్కకి ఆపరేషన్ చేసి కుట్లు వెయ్యాలి. అది గట్టెక్కితే మళ్ళీ డాక్టరవుతాడు. ఉద్యోగం మానేద్దామంటే గ్రీన్‌కార్డ్ కాగితాలు ప్లాంట్ పేరు మీద నడుస్తున్నాయి. కాబట్టి ఆ చేతికి ఉన్న ఒకే ఒక్క దారి వాల్ట్ గాజుగది.

"పిలిచాడంటే ఇచ్చినట్టేనా?" అంది లూసీ.

"ఊరికే పిలవడు కదా."

"మరి మీకు తుపాకీ ఏదీ?"

"అదే అడిగాను. గన్స్ సంగతి మేం చూసుకుంటాం, నువ్వొస్తే చాలు అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడనుకున్నావు!"

భోజనాలయ్యాక ప్రార్థన చేసుకున్నారు. ప్రార్థన తరవాత సూది. క్లినిక్ డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఇది రోజూ ఉన్నదే. ఆయన కళ్ళు మూసుకుంటాడు. లూసీ కుట్టుపెట్టెలోంచి సూది తీసి ఒక్కో వేలి కొసమీద మెల్లగా ఆనిస్తుంది. తెలిస్తే ఏ వేలో చెప్పాలి. కొండలకి అవతల బాతెల్ ఊళ్ళో తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు వేయించిన చర్చి క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో మూడు వేళ్ళకీ మూడు గుర్తులు పెడుతుంది. తెలిస్తే టిక్కు, తెలియకపోతే ఇంటూ. నడిమివేలికి క్రిస్మస్ నుంచీ ఇంటూలే. బొటనవేలు ఒకరోజు అలా, ఒకరోజు ఇలా. చూపుడువేలు మాత్రం ఇంతవరకూ మాట తప్పలేదు.

"చూపుడువేలు," అన్నాడు ఆయన.

"అవును," అని లూసీ టిక్కు పెట్టింది.

మంగళవారం పని అవగానే దైవాశీర్వాదం తుపాకులూ గేలాలూ అమ్మే షాపుకి వెళ్ళాడు. జేబులో ఆదివారపు ఆరాధన క్రమం కాగితం ఉంది. దాని వెనక వైపు, కీర్తన నంబర్ల కింద, వేటకి కావలసినవి రాసుకోవాలని ఆయన ఉద్దేశం. కౌంటర్ వెనక పెద్దాయన ఓపిగ్గానే చెప్పాడు. కయోటీని వెతుక్కుంటూ పోకూడదట, దాన్నే పిలిపించుకోవాలట. చిన్న చెక్క పీక ఒకటి తీసి ఊదాడు. గాయపడ్డ కుందేలు కీచుమన్నట్టుంది. అది వినగానే కయోటీ భోజనం దొరికిందనుకుని వస్తుందట. అది వచ్చేదాకా మంచులో కదలకుండా, కనబడకుండా, వాసన రాకుండా కూర్చోవాలి.

"కనబడకుండా అంటే?"

"తెల్లటిది తొడుక్కోవాలి. నేల తెల్లగా ఉంది కదా."

తెల్లటి పైతొడుగు చూపించాడు. అన్నింటికన్నా చిన్న సైజు తొడిగినా చేతులు చేతివేళ్ళు దాటి వేలాడాయి, కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోయాయి. పెద్దాయన నవ్వాపుకుని, పిల్లల సైజులు తెప్పించాలంటే రెండు వారాలు పడుతుందన్నాడు. పీక ఒకటీ, జేబులో పెట్టుకుంటే వెచ్చగా ఉండే సంచులు రెండూ కొనుక్కుని బయటపడ్డాడు. ఆ వెచ్చటి సంచులు కుడిచేతి కోసం. ఎవరైనా తుపాకీ చేతికిచ్చి కాల్చమంటే, వేలు బిగుసుకుపోయి పరువు పోకూడదు.

ఆ సాయంత్రం బాతెల్‌లో ఉన్న అబ్రహాంకి ఫోన్ చేశాడు. గుంటూరు కాలేజీ నాటి స్నేహితుడు, విమానాల కంపెనీలో ఇంజనీరు.

"ఒరేయ్ ఆశీర్వాదం, వేటకేం పట్టుకెళ్ళాలో నన్నడిగితే ఎలారా? నాకు తెలిసిన వేటల్లా పార్కింగ్ కోసం," అన్నాడు అబ్రహాం. "బైనాక్యులర్స్ ఉన్నాయి, ఇస్తాను. వచ్చి తీసుకెళ్ళు."

"రెండున్నర గంటల డ్రైవ్‌రా. కొండదారి నిండా మంచు."

"అయితే కెమెరా పట్టుకెళ్ళు, నీ దగ్గరుందిగా. డేల్‌తో ఫొటో దిగు. సూపర్‌వైజర్ పోస్ట్ ఈసారి గ్యారంటీ రా, నేన్చెప్తున్నా. ఆదివారం సహవాసంలో నీ పేరు పెట్టి ప్రార్థన చేయిస్తాను. దైవాశీర్వాదం గారి వేట సఫలం కావాలని."

"వేట అనకురా, ప్రమోషన్ అను. దేవుడికి కన్‌ఫ్యూజన్ ఎందుకు?"

చాలా రోజుల తరవాత ఆయన గట్టిగా నవ్వడం లూసీ వింది. ఆమెకి సంతోషం కలిగింది, వెంటనే భయం కూడా వేసింది.

ఫోన్ పెట్టేశాక దైవాశీర్వాదం వంటింట్లోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"లూసీ, శనివారం దాకా ఇంట్లో తాలింపు వద్దు."

"ఏం?"

"కుక్కజాతి ముక్కు సంగతి నాకు తెలుసు. నా కోటు ఆవాలూ ఇంగువా వాసన కొడుతుంటే మైలు దూరంలోనే పసిగట్టి పారిపోతుంది. నావల్ల వేట చెడిందంటే ఇంకేమైనా ఉందా?"

"నాలుగు రోజులు పోపు లేకుండా ఏం వండను? బాలింత పథ్యమా?"

"గుడ్లు ఉడకెయ్యి. అన్నం పెరుగు తిందాం."

కోటూ, ప్యాంటూ, ఊలు టోపీ వెనక వసారాలో తాడుమీద వేలాడదీశాడు. అవి చలికి అట్టలు కట్టుకుపోయాయి. సబ్బు వాసన కూడా ఉండకూడదని ఉత్త నీళ్ళతో స్నానం చేశాడు. లూసీ ఉడికిన గుడ్లకి ఉప్పూ మిరియం చల్లి పెట్టింది. ఇల్లంతా ఎవరిదో పరాయిల్లులాగా ఏ వాసనా లేకుండా ఉంది. నర్సింగ్‌హోమ్‌లో పన్నెండు గంటలు ముసలివాళ్ళని లేవదీసి వచ్చిన మనిషి ఒక ముద్ద చారన్నం లేకుండా పడుకుంది. ఎందుకు ఊరుకుందంటే, ఆ చూపుడువేలి కోసం ఊరుకుంది.

బుధవారం ఆయన కార్లో కూర్చుని, అద్దాలెత్తుకుని పీక ఊదడం నేర్చుకున్నాడు. లూసీ వచ్చి కారు అద్దం మీద కొట్టింది.

"ఎవరి బిడ్డనో ఏడిపిస్తున్నట్టుందండీ. పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది."

"బాగా వస్తోందా?"

"మరీ బాగా వస్తోంది. లోపలికి రండి."

గురువారం లాకర్ రూంలో రవూల్ ఆయన పక్కన బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. మాంసం నుంచి ఎముక వేరుచేసే బల్ల దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మెక్సికన్ మనిషి. అతని కుడి మణికట్టుకి కొత్తగా పట్టీ ఉంది.

"డేల్‌తో వెళ్తున్నావటగా, డాక్."

"అవును. శనివారం."

"కత్తులు పట్టుకెళ్ళు. బాగా పదును పెట్టుకుని వెళ్ళు. మిగతావేవీ నీకక్కర్లేదు."

దైవాశీర్వాదానికి ఒళ్ళు మండింది. నువ్వెంత ఎగిరినా లైన్ మీద కత్తి పట్టేవాడివే అంటున్నాడన్నమాట. కడుపుమంట కాకపోతే ఏమిటిది? రవూల్ ఇంకేదో చెప్పబోయాడు కానీ, "థాంక్స్" అనేసి ఈయన లాకర్ తలుపు చప్పుడయ్యేలా మూసి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి లూసీ దుప్పట్లన్నీ మంచం మీద పరిచి ఉంచింది. తెల్లటిది ఒక్కటీ లేదు. సేల్‌లో కొన్నవన్నీ నీలం పువ్వులు, పసుపు పువ్వులు, ఒకదాని మీద బాతులు.

"బాతుల దుప్పటి కప్పుకుంటే కయోటీ ఇంకా తొందరగా వస్తుందేమో," అన్నాడాయన. నవ్వడానికి ప్రయత్నించి మానేశాడు. "పోనీలే. కోటుతోనే వెళ్తాను. ముదురు గోధుమరంగు. మంచులో కిలోమీటరు దూరం నుంచి కనబడుతుంది. నన్ను చూసే కయోటీ రాలేదంటారు, అంతే కదా."

లూసీ అలమారా పైనుంచి సూట్‌కేస్ దింపింది. అడుగునుంచి పాత లుంగీలో చుట్టిన పొట్లం తీసింది. అదేమిటో ఆయనకి చూడకుండానే తెలుసు. తెల్లటి వెంకటగిరి నూలు చీర, సన్నటి జరీ అంచు. గుంటూరు చర్చిలో తల మీదుగా ముసుగేసుకుని ఆయన పక్కన నిలబడ్డప్పుడు కట్టుకున్నది. లూసీ వాళ్ళమ్మని తన పెళ్ళి చీరతోనే సమాధిలో పెట్టారు. నాకూ అదే కట్టాలి, మరిచిపోతారేమో, అని లూసీ ఎన్నోసార్లు చెప్పింది.

"వద్దు," అన్నాడాయన.

"ఇంట్లో తెల్లటి గుడ్డ ఇదొక్కటే."

"వద్దన్నానా! ఎవరైనా వింటే ఏవనుకుంటారు?"

"ఎవరు వింటారు? నన్ను పూడ్చేటప్పుడు చీర ఉండడం ముఖ్యమా, బతికుండగా మీ చెయ్యి ఉండడం ముఖ్యమా?" "అంచు ఉంచుకుంటాను. జరీ మెరిస్తే ఆ దిక్కుమాలిన నక్క చూస్తుంది కూడాను."

కత్తెర తీసుకుని అంచు పొడుగునా కోసింది. ఐదున్నర మీటర్లు. కోసిన అంచుని రిబ్బనులా వేళ్ళకి చుట్టి కుట్టుపెట్టెలో పెట్టుకుంది. మిగిలిన గుడ్డని కోటుమీద వదులుగా పట్టేలా, నెత్తిమీదికి ముసుగొచ్చేలా మిషన్ మీద కుట్టింది. తొడిగి చూస్తే సరిగ్గా సరిపోయింది. ఆయన కొలతలు ఆమెకి టేపు అక్కర్లేకుండానే తెలుసు.

"పాదిరిగారిలా ఉన్నారు," అంది.

ఆ మాటకి ఆయన ఆమె భుజం పట్టుకుని కాసేపు వదల్లేదు.

శుక్రవారం సాయంత్రం సంచీ సర్దాడు. తెల్లముసుగు మడిచి అడుగున పెట్టాడు. పీక, వెచ్చటి సంచులు, కెమెరా, ఉడికించిన గుడ్లు, రొట్టె, ఫ్లాస్క్. రబ్బరు బూట్లు తీసి పక్కన పెట్టాడు. అవి ప్లాంట్‌వి, రక్తం వాసన పట్టినవి. చర్చికి వేసుకెళ్ళే బూట్లు మంచుకి పాడవుతాయని తెలిసీ అవే తుడిచి పెట్టుకున్నాడు. బైబిలు పెట్టి, మళ్ళీ తీసి, కీర్తనల చిన్న పుస్తకం పెట్టాడు. ఒక్కొక్కటీ కాగితం మీద కొట్టేస్తూ రెండుసార్లు సర్దాడు.

కత్తుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ప్రతి శుక్రవారం పదును పెట్టడానికి కత్తులు ఇంటికి తెచ్చుకుంటాడు. సన్నటి ఆరంగుళాల కత్తులు రెండు. మొద్దు వేళ్ళకి పట్టు దొరకడానికి పిడికి తనే గాజుగుడ్డ పొరలు పొరలుగా చుట్టుకున్నాడు. వాటితో ఐతే ఇప్పటికీ వెంట్రుకవాసి తప్పకుండా కోయగలడు. పదును పెట్టాడు. పెట్టి, గుడ్డలో చుట్టి, సంచీలో వెయ్యకుండా అలమారా పైన పెట్టేశాడు.

"ఒకటైనా ఉంచుకోండి. ఆపిల్ కోసుకోడానికైనా పనికొస్తుంది," అంది లూసీ.

"రేపు నేను లైన్ మనిషిని కాదు."

సూది పరీక్షలో బొటనవేలికి ఇంటూ వచ్చింది. చూపుడువేలికి టిక్కు వచ్చింది.

శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి డేల్ ఇంటి ముందు పికప్ ట్రక్ ఇంజన్ నడుస్తూ ఉంది. వాల్ట్ ముందు సీట్లో కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. వెనక సీట్లో కెవిన్. రెండేళ్ళ కిందట డబ్బాలు తూకం వెయ్యడానికి చేరిన కుర్రవాడు, పాతికేళ్ళు దాటలేదు. అతన్ని చూడగానే దైవాశీర్వాదం ట్రక్ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఇద్దరిని పిలిచాడన్నమాట, అనుకుని సర్దుకున్నాడు. ట్రక్ లోపల పొగ, వేయించిన సాసేజీల వాసన, ఎవడో పూసుకున్న సెంటు వాసన కమ్ముకుని ఉన్నాయి. నాలుగు రోజులు తాలింపు మాన్పించిన మనిషి ఆ వాసనల మధ్య గుడ్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నలభై మైళ్ళు కూర్చున్నాడు.

తెల్లవారుతుండగా ఒక రాంచ్ గేటు దాటి, మంచు కప్పిన లోయ అంచున ఆపారు. దైవాశీర్వాదం దిగి, ముసుగు తీసి కోటు మీద తొడుక్కున్నాడు. డేల్ చూసి ఈల వేశాడు.

"వాహ్, డాక్! దేవదూత దిగొచ్చినట్టుంది. ఎక్కడ కొన్నావిది?"

"నా భార్య కుట్టింది."

"మాంచి పని చేసింది. కెవిన్, చూశావా? నువ్వు ఆకుపచ్చ జాకెట్ వేసుకొచ్చావు, వెధవా. డాక్, అది వీడికిచ్చెయ్. నువ్వెలాగూ ట్రక్ దగ్గరే కదా ఉండేది."

"ట్రక్ దగ్గరా?"

"మరి? నీ కత్తులేవి?"

దైవాశీర్వాదం సంచీ కేసి చూశాడు. డేల్ కూడా చూశాడు. డేల్ మొహంలో ఎగతాళి లేదు, నిజంగానే ఆశ్చర్యం ఉంది. అదే భరించడం కష్టం.

"రవూల్ చెప్పలేదా? ఆరేళ్ళుగా చర్మాలు వాడే వలిచేవాడు. ఈసారి మణికట్టు పోయిందంటున్నాడు. అందుకే నిన్ను పిలిచాను. లైన్ మీద నీ అంత శుభ్రంగా కోసేవాడు లేడు, డాక్. చల్లబడకముందే వలవాలి, ఒక్క చిల్లు కూడా పడకూడదు. చిల్లు పడితే కొనేవాడు తీసుకోడు." ట్రక్ వెనక పెట్టెలో వెతికి ఒక కత్తి తీశాడు. "ఇదుగో, రవూల్‌ది పాతది. మొద్దుదే, ఏం చేస్తాం? దీంతోనే కానివ్వు."

వేటకి వెళ్ళినవాళ్ళ లెక్కలో రవూల్ పేరు ఎవరూ చెప్పగా ఆయన వినలేదు. చుట్టూ నలభై మైళ్ళ మంచు. కాదని ఎక్కడికి నడిచి వెళ్తాడు? ముసుగు తలమీంచి తీశాడు. తీసేటప్పుడు లూసీ కుట్టిన మెడ దగ్గర కుట్టు వేలికి తగిలిందో లేదో తెలియలేదు. కెవిన్‌కి అందించాడు. కెవిన్‌కి అది భుజాల దగ్గర బిగుతై చంక కింద పర్రుమంది. "సారీ, డాక్," అన్నాడతను. కుర్రవాడు చెడ్డవాడు కాదు.

ముగ్గురూ తుపాకులు పట్టుకుని లోయలోకి దిగారు. దైవాశీర్వాదం ట్రక్ వెనక తలుపు దించి దానిమీద కూర్చున్నాడు. జేబులో పీక ఉంది. ఎవరూ అడగలేదు. దూరంగా కుందేలు కీచుమంది. డేల్ ఊదుతున్నాడు, అంత బాగా రావడం లేదు. కాసేపటికి తుపాకీ పేలింది.

పావుగంటకి కెవిన్ పైకి వచ్చాడు. ముసుగు తొడుక్కుని లేడు. దాన్ని మంచుమీద పరిచి, మీద కయోటీని వేసి, ముసుగు చేతులు రెండూ పట్టుకుని ఈడ్చుకుంటూ వస్తున్నాడు.

"ఇది భలే జారుతుంది, డాక్. మోసే పని లేదు."

దైవాశీర్వాదం కిందకి చూశాడు. తెలుపు మీద ఎరుపు పాకుతోంది. నోరు తెరిచి ఇది నా భార్య పెళ్ళి చీర అని చెబుదామనుకున్నాడు. ఇంగ్లీషులో అన్ని మాటలూ ఉన్నాయి. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

కయోటీని వెనక కాళ్ళతో ట్రక్ కమ్మీకి వేలాడగట్టి పని మొదలుపెట్టాడు. కాళ్ళ చుట్టూ కోసి, తోలుని మేజోడు లాగినట్టు కిందికి లాగాలి. ఆడది. మంచి వయసు. ముందు ఎడమ కాలి ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని ఉంది. ఎవరూ కట్టు కట్టకుండానే, మూడు కాళ్ళమీద ఒక చలికాలమంతా బతికి ఉంటుంది. డాక్టరు వేళ్ళు ఆ అతుకు మీద కాసేపు నిలబడ్డాయి, అతుకు ఉందని మాత్రం కళ్ళే చెప్పాయి. తోలుకీ కండకీ మధ్య ఇంకా వెచ్చగా ఉంది. ఆ ఉదయమంతా చేతికి దొరికిన వెచ్చదనం అదొక్కటే. గాజుగుడ్డ లేని నున్నటి పిడి చేతిలో తిరుగుతోంది. పదును లేని కత్తిని బలంగా తోయాల్సి వస్తోంది. అలమారా మీద ఉన్న తన కత్తులు గుర్తొచ్చాయి. వలవడమే రాసి ఉంటే కనీసం తన కత్తులతో వలిచేవాడు కదా అనిపించింది, ఆ అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి మూడు వలిచాడు. ఒక్క చిల్లు పడలేదు. మిగతా ముగ్గురూ పైకొచ్చి ట్రక్ చుట్టూ నిలబడి రొట్టెలు తిన్నారు. డేల్ కాఫీలో విస్కీ పోసి కప్పులు పంచాడు, దైవాశీర్వాదానికి కూడా ఒకటి ఇచ్చాడు.

"వాల్ట్‌కి, ఇరవై రెండేళ్ళ సర్వీసుకి," అని కప్పెత్తాడు. "కెవిన్‌కి, సోమవారం నుంచి మేడమీద గాజుగదికి."

కెవిన్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు కాలేయానికీ కిడ్నీకీ తేడా తెలీదు, డేల్."

"డాక్ నేర్పిస్తాడు. ఏం డాక్?"

దైవాశీర్వాదం నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. కప్పు విసిరికొట్టినా, ఊరికే మొహం తిప్పుకున్నా ఏదో ఒకటి మిగిలేది. నవ్వి, "ష్యూర్," అన్నాడు.

అప్పుడు వాల్ట్ ఆయన చేతికేసి చూశాడు. "డాక్, ఆ రక్తం నీదా, దానిదా?"

చూసుకున్నాడు. కుడి చూపుడువేలి పక్కన, రెండో కణుపు దగ్గర, లోతుగా తెగి ఉంది. కప్పు పట్టుకున్నచోట తెల్లటి పింగాణీ మీంచి కారుతోంది. ఎప్పుడు తెగిందో ఆయనకి తెలియదు. మొదటి కయోటీ దగ్గరో, మూడోదాని దగ్గరో.

సాయంత్రం ఇంటి గుమ్మంలోకి రాగానే తాలింపు వాసన ఎదురొచ్చింది. వేట అయిపోయింది కదా అని లూసీ ఇంగువ దండిగా వేసి పప్పుచారు కాచింది, వంకాయ వేయించింది. ఆయన మొహం చూసి స్టవ్ ఆపేసింది. ఆయన ప్లాస్టిక్ సంచీ అందించాడు. విప్పి చూసింది. స్నానాల గదిలోకి తీసుకెళ్ళి టబ్బులో చన్నీళ్ళు వదిలి అందులో వేసింది. రక్తం మరకకి వేణ్ణీళ్ళు పనికిరావని ఆమెకి తెలుసు. నీళ్ళు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్ళీ పట్టింది.

"ఎవరికిచ్చారు?" అంది వెనక్కి తిరక్కుండా.

"కెవిన్‌కి."

"మీరేం చేశారు అక్కడ?"

"చర్మాలు వలిచాను. దానికే పిలిచాడు."

లూసీ కుళాయి కట్టేసి లేచింది. "మీ కత్తులు?"

"ఇంట్లోనే ఉన్నాయి కదా," అన్నాడు.

ఫోన్ మోగింది. అబ్రహామే అయి ఉంటాడు, రేపటి ప్రార్థనకి కబురు కోసం. ఇద్దరూ దాని కేసి చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు మోగి ఆగిపోయింది.

లూసీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతి రుమాలు కట్టు విప్పి, గాయం మీద అయోడిన్ పోసింది. నర్సింగ్‌హోమ్‌లో ఎంత ముసలివాళ్ళైనా అయోడిన్ పోస్తే కెవ్వుమంటారు. ఈయన గోడమీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఇంకొంచెం పోసింది. ఆయన చూపు మరల్చలేదు. చీరలో ముసుగు కుట్టగా మిగిలిన తెల్లటి ముక్కతో గాయానికి కట్టు కట్టి, వేలి కొస మాత్రం బయటికి వదిలింది.

అన్నం ఇద్దరూ తిన్నామనిపించారు. ప్రార్థన చేసుకున్నారు. ఆయన దేన్నీ అడగలేదు, ఆమెన్ మాత్రం అన్నాడు.

"సూది తే," అన్నాడు.

"ఈ రోజొద్దండీ. గాయంగా ఉంది."

"తే, లూసీ."

తెచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి బల్లమీద చాపాడు. లూసీ నడిమివేలు వదిలేసింది, బొటనవేలూ వదిలేసింది. చూపుడువేలి కొసమీద సూది ఆనించింది. ఆయన ఊరుకున్నాడు. కొంచెం నొక్కింది. ఇంకొంచెం నొక్కింది. సన్నటి రక్తపు బొట్టు పైకి లేచింది.

"గుచ్చు మరి," అన్నాడాయన కళ్ళు తెరవకుండా. "ఏం ఆలోచిస్తున్నావు?"

లూసీ సూది తీసేసింది. ఆ బొట్టుని కొంగుతో అద్దింది, అదీ ఆయనకి తెలియలేదు. సూదిని కుట్టుపెట్టెలో, చుట్టిపెట్టిన జరీ అంచుకి గుచ్చింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు?" అంది.

ఆయన నుదురు ముడిపడింది. పెదవులు బిగించి, ఎక్కడో దూరాన్నుంచి వచ్చే చప్పుడు కోసం విన్నట్టు తల కొంచెం వంచాడు.

"ఆ. తెలిసింది," అన్నాడు. "చూపుడువేలు."

"అవునండీ," అంది లూసీ.

లేచి వెళ్ళి, క్యాలెండర్ మీద శనివారం గడిలో మూడు వేళ్ళకీ మూడు టిక్కులు పెట్టింది.